పదకొండు చిల్లులు

ఆ చలికాలంలో లూది జలార్ ఇంటి పియానో మొరాయించడం అది మూడోసారి. మూడుసార్లూ ఒకటే జబ్బు. కాగితపు చుట్ట తిరుగుతూనే ఉంటుంది, మీటలు వాటంతటవే కిందికీ పైకీ ఆడుతూనే ఉంటాయి, పాటలో మాత్రం పస ఉండదు. గట్టిగా మోగాల్సిన చోట గొణుగుతుంది. ఎడమ పక్కనుండే బరువైన స్వరాలైతే సగం పలకనే పలకవు.

లూది ఫోన్ చేసి వారం దాటింది. పియానోలు బాగుచేసే తాయిస్తో కోర్పి రేపు, ఎల్లుండి అంటూ నెట్టుకొచ్చాడు. దారి నిండా మంచన్నాడు. ట్రక్కు బ్యాటరీ చచ్చిందన్నాడు. నడుం పట్టేసిందన్నాడు. చివరికి లూదికి ఒళ్ళు మండింది.

"ఒరే ఫిన్నూ, ఫిన్లాండు జాతిలో పుట్టి మంచుకి జడిసేవాణ్ణి నా జన్మలో నిన్నొక్కణ్ణే చూశాను. నువ్వొస్తావా, పియానోని వీపున కట్టుకుని నన్నే రమ్మంటావా?"

"వస్తాలేవయ్యా. రేపు మధ్యాహ్నం భోజనాలయ్యాక."

"నాలుగు లోపల అయిపోవాలి. నాలుగింటికి నాకు కావాలది."

ఎందుకు కావాలో తాయిస్తోకి తెలుసు. గనివాళ్ళ పేట అయిన ఆ పిట్‌మన్ లొకేషన్‌లో నలభై ఇళ్ళవాళ్ళకీ తెలుసు.

లూదికి ఒక్కడే కొడుకు, వింకో. తండ్రి ఫోర్‌మన్‌గా పనిచేసిన ఇనుప గనిలోనే, రాళ్ళు పిండిచేసే మర దగ్గర పని. శనివారం సెలవు దొరికితే చాలు, తాయిస్తో షాపుకి వచ్చి కూర్చునేవాడు. పాత పియానోల పొట్టలు విప్పడం, తిత్తులకి కొత్త గుడ్డ అంటించడం అక్కడే నేర్చుకున్నాడు. అన్నిటికంటే వాడికి ఇష్టమైంది కాగితం మీద పాటని చిల్లులుగా కొట్టడం. ఒక్కో స్వరానికి ఒక్కో చిల్లు. పియానోలోని ఇత్తడి పట్టీ మీదుగా ఆ చిల్లు జారినప్పుడు అందులోంచి గాలి లోపలికి దూరుతుంది, ఆ స్వరం పలుకుతుంది. నిమిషం పాటకి ఉలీ సుత్తీ పట్టుకుని నాలుగైదు శనివారాలు కూర్చోవాలి. వింకోకి ఆ ఓపిక ఉండేది. అమ్మానాన్నల పెళ్ళయి నలభై ఏళ్ళు నిండే రోజున వాళ్ళ పెళ్ళిలో వాయించిన పాటని చుట్టగా చేసి ఇద్దామని ఇంట్లో చెప్పకుండా మొదలుపెట్టాడు. మూడొంతుల్లో రెండొంతులు అయింది. 1976 సెప్టెంబరులో ఒక శనివారం, మరకి ఖనిజం మోసే బెల్టు ఆగి ఉంటే, దాని కింద చేరిన రాళ్ళు తీస్తుండగా బెల్టు కదిలింది. వాడికప్పుడు ఇరవయ్యేడేళ్ళు.

వాడి సామాన్లలో దొరికిన ఆ చుట్టని లూది పియానోకెక్కించాడు. రోజూ నాలుగింటికి, పొద్దుటి షిఫ్టు దిగి కొడుకు గుమ్మంలోకి వచ్చే వేళకి, దాన్ని పెడతాడు. రెండు నిమిషాల పాట. ఒక వరుస మధ్యలో ఠక్కున ఆగిపోతుంది. చిల్లులు లేని కాగితం ఇంకాసేపు జరజరా పాకుతుంది. లూది దాన్ని వెనక్కి చుట్టి పెట్టెలో పెడతాడు. ఏడాదిన్నరగా ఒక్కరోజు మానలేదు.

ఆ ఇంట్లో గంటసేపు కూర్చోవడం తాయిస్తోకి కష్టంగా ఉండేది. దానికి కారణం అతనొక్కడికే తెలుసు. ఆ శనివారానికి ముందురోజు రాత్రి వింకో ఫోన్ చేశాడు. "రేపు సెలవు దొరకలేదు. ఈ వరుస ఇంకొంచెమే ఉంది, కూర్చుంటే అయిపోయేది. ఒంట్లో బాగాలేదని చెప్పి మానెయ్యనా?" అన్నాడు. అప్పుడు తాయిస్తో, "అబద్ధాలెందుకురా, వెళ్ళి పని చేసుకో. పాటెక్కడికీ పారిపోదు," అన్నాడు. ఈ మాట అతను ఎవరికీ చెప్పలేదు.

అందుకే డిసెంబరులో వచ్చినప్పుడు గాలి లాగే పంపు మోటారులో అరిగిన కార్బన్ బ్రష్షులు కనబడగానే వాటిని మార్చి వెళ్ళిపోయాడు. జనవరిలో లోపలి పెద్ద తిత్తి మడత దగ్గర గుడ్డ పగిలిందని అంటించి వెళ్ళిపోయాడు. రెండుసార్లూ ఒకటి రెండు వారాలు బాగైనట్టే బాగై మళ్ళీ మొదటికొచ్చింది. కంటికి కనిపించిన మొదటి లోపాన్ని పట్టుకుని పారిపోయాడు తప్ప, గాలి లాగుడు ఎక్కడ తగ్గుతోందో మొదటినుంచి చివరిదాకా కొలవలేదు. వేరే ఎవరైనా అలా పనిచేస్తే వాణ్ణి షాపు మెట్లెక్కనిచ్చేవాడు కాదు.

ఈసారి కొలిచే తీరాలనుకుని వచ్చాడు.

తలుపు మార్యంకా తీసింది. లూది భార్య. ఒకప్పుడు ఎదుటివాళ్ళకి మాట్లాడే సందివ్వని మనిషి. ఇప్పుడు, "బూట్లు అక్కడ విప్పండి," అని మాత్రం అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"వచ్చావా దొరగారూ?" అన్నాడు లూది. మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని పియానో పక్కనే కూర్చున్నాడు. "ఈసారి కూడా ఏదో కొంచెం గోకి పోతావా, లేకపోతే పని చేస్తావా?"

"పనే చేస్తాను. నువ్వు నోరు మూసుకుంటే ఇంకా తొందరగా చేస్తాను."

పియానో కింది పలక ఊడదీసి తాయిస్తో నేలమీద బోర్లా పడుకున్నాడు. ఒకప్పుడు అది కాళ్ళతో తొక్కే పియానో. ఏడేళ్ళ కిందట లూది మోకాళ్ళు అరిగిపోతే, తాయిస్తో, వింకో కలిసి దానికి కరెంటు పంపు తగిలించారు. దాని రొద పైకి వినబడకుండా కింద నేలమాళిగలో పెట్టి, నేలకి కన్నం చేసి, మణికట్టంత లావు రబ్బరు గొట్టాన్ని పియానోలోకి తెచ్చారు. పంపు ఆ గొట్టంలోంచి గాలిని లాగేస్తుంటే, ఆ లాగుడుకే లోపలి తిత్తులన్నీ ముడుచుకుని సుత్తుల్ని తంతాయి. లాగుడు లేకపోతే పియానో వట్టి చెక్క బీరువా.

చెక్కకి బిగించిన ఒక గాజు గొట్టం తెచ్చుకున్నాడు తాయిస్తో. వంచిన ఆ గొట్టంలో ఎర్రరంగు నీళ్ళు, పక్కన అంగుళాల గీతలు. లాగుడు ఎంత బలంగా ఉంటే నీళ్ళు అంత పైకెక్కుతాయి. ముందు ఇత్తడి పట్టీ మీది కన్నాలన్నీ టేపుతో మూసేసి చూశాడు. పాత తొక్కుడు తిత్తుల తోలు మూతలు సరిగా మూసుకుంటున్నాయో లేదో వేలితో నొక్కి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడు పియానోనుంచి పెద్ద గొట్టాన్ని ఊడబెరికి, దాని మూతికి గాజు గొట్టం తగిలించి మోటారు వేశాడు. నీళ్ళు పదిహేడు అంగుళాల దగ్గర ఆగిపోయాయి.

"ఎంత ఉండాలి?" అన్నాడు లూది.

"ముప్ఫై దాటాలి."

"అయితే పియానో చచ్చిందా?"

"పియానోని ఊడదీసినా పదిహేడే చూపిస్తోంది. నీ పియానోకి ఏ రోగమూ లేదు. రోగం కింద ఉంది. ఆ గొట్టాన్ని అలాగే వదిలెయ్, ముట్టుకోకు. నేను కిందికెళ్ళొస్తాను."

"ముట్టుకోనులేవయ్యా. దీనికి కాపలా కూర్చుంటాను," అంటూ లూది కుర్చీని గొట్టం పక్కకి జరుపుకున్నాడు.

నేలమాళిగలో చలి ఎముకల్లోకి దిగుతోంది. బంగాళాదుంపల వాసన. గోడవారగా అరల్లో పచ్చడి చేసిన క్యాబేజీ సీసాలు వరసగా ఉన్నాయి. మూలన చెక్కపెట్టెలో పంపు రొద పెడుతోంది. తాయిస్తో గొట్టాన్ని పంపునుంచి లాగేసి, గాజు గొట్టాన్ని నేరుగా పంపు మూతికి పెట్టాడు. ఎర్రనీళ్ళు ఒక్క ఊపున ముప్ఫై ఎనిమిదికి ఎగిరాయి.

పంపు దగ్గర ముప్ఫై ఎనిమిది. పైన గొట్టం కొసన పదిహేడు. మధ్యలో ఉన్నది గొట్టమొక్కటే.

మోటారు ఆపేశాడు. ఇల్లంతా నిశ్శబ్దమైంది. బోర్లించిన దుంపల పెట్టె మీద కూర్చుని గొట్టం కొసని ఒళ్ళోకి తీసుకున్నాడు. చప్పుడు రాకుండా అప్పట్లో దానికి దళసరి ఉన్ని గుడ్డ చుట్టి కుట్టారు. కుట్లు వింకో వేసినవే, వంకరటింకరగా ఉన్నాయి. తాయిస్తో వాటిని చాకుతో ఒక్కొక్కటిగా కోసి గుడ్డని విప్పాడు. సీసాల వెనక్కి వెళ్ళే చోట వేలికి మొదటి చిల్లు తగిలింది. దానికి జానెడు పైన ఇంకొకటి. తర్వాత మూడు దగ్గరదగ్గరగా.

చలికి రబ్బరు పగిలితే చీలిక వస్తుంది. ఎలక కొరికితే అంచులు పీచులు లేస్తాయి. ఇవి గుండ్రంగా, నున్నగా, గోనెసంచి కుట్టే దబ్బనం మందాన ఉన్నాయి. గుడ్డకి కూడా సరిగ్గా అవే చోట్ల చిల్లులు. తాయిస్తో చివరిదాకా తడిమి లెక్కపెట్టాడు. పదకొండు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మార్యంకా చేతిలో బుట్టతో దిగి వచ్చింది. విప్పిన గుడ్డనీ, అతని వేలు ఉన్న చోటునీ చూసి చివరి మెట్టు మీదే నిలబడిపోయింది.

"దొరికిందా?" అంది.

"దొరికిందమ్మా."

"ఎలకలేమో."

"ఎలకలు దబ్బనంతో పొడవవు కదమ్మా."

ఆమె బుట్టని కింద పెట్టి మెట్టు మీద కూర్చుంది. బొంకాలని చూడలేదు.

"నవంబరులో మొదలుపెట్టాను. మొదటిరోజు మూడు పొడిచాను. తర్వాత ఎప్పుడు ఓర్చుకోలేకపోతే అప్పుడొకటి. మీరొచ్చి బాగుచేసి వెళ్ళినప్పుడల్లా మళ్ళీ పొడిచాను."

"ఇంత కష్టమెందుకు? ఆ చుట్టని దాచెయ్యకపోయారా? పొయ్యిలో పడేస్తే పోయేదిగా."

"నా కొడుకు చేత్తో కొట్టిన కాగితాన్ని పొయ్యిలో వెయ్యమంటారా?" అంది మార్యంకా. గొంతు పెంచలేదు. "మిషను చస్తే ఎవరి తప్పూ ఉండదు. పాతబడింది, పోయింది అనుకుంటాం. అదీ నా ఆలోచన."

"ఆయనకే చెప్పొచ్చుగా, పెట్టొద్దని."

"ఎలా చెప్పను? తిండి ఏం తింటున్నాడో తెలీదు ఆ మనిషికి. రోజంతా కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాడు. నాలుగవుతోందంటే మాత్రం లేచి తల దువ్వుకుంటాడు. దాన్ని నోటితో ఎలా లాక్కోమంటారు? కానీ నాకు మూడున్నరకే ఒళ్ళు చల్లబడిపోతుంది. పాట మొదలైతే వాడు వస్తున్నట్టే ఉంటుంది. వస్తూ వస్తూ సరిగ్గా ఆ చోట ఆగిపోతాడు. రోజూ ఆ చోట వాడు మళ్ళీ చస్తున్నాడు, తాయిస్తో గారూ. నా ఇంట్లో, నేను గిన్నెలు తోముతుండగా. ఏ తల్లి కొడుకైనా ఒక్కసారే చస్తాడు. నా కొడుకు ఐదువందలసార్లు చచ్చాడు."

 తాయిస్తో చాకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు.

"ఇక బాగుపడదని చెప్పండి. మోటారు కాలిపోయిందనండి, సామాను దొరకదనండి, మీకు తోచిన అబద్ధమేదైనా సరే. మీరు చెబితే నమ్ముతాడు."

"ముప్ఫై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. బాగుపడే మిషన్ని బాగుపడదని ఎవరికీ చెప్పలేదు."

"నాకోసం చెప్పండి. వాడు మా దగ్గరకంటే మీ దగ్గరే ఎక్కువ కూర్చున్నాడు. ఆ మాత్రం చెయ్యలేరా?"

అబద్ధమెందుకురా అని ఒకసారి అన్నందుకు ఏమైందో తాయిస్తోకి గుర్తొచ్చింది.  "సరేనమ్మా, చెబుతాను," అన్నాడు.

అప్పుడు గొట్టంలోంచి దగ్గు వినిపించింది.

చిన్న దగ్గు, గొంతు సవరించుకున్నట్టు. అతని ఒళ్ళోనే ఎవరో కూర్చుని దగ్గినంత దగ్గరగా. గొట్టం రెండు కొసలూ తెరిచే ఉన్నాయి. పై కొస లూది మోకాలి పక్కన ఉంది. మార్యంకా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ ఆ నల్లటి మూతిని చూస్తూ ఉండిపోయారు.

తాయిస్తో పైకి వెళ్ళేసరికి లూది అదే కుర్చీలో, అలాగే కూర్చుని ఉన్నాడు. దుప్పటి మాత్రం కింద పడి ఉంది.

"ట్రక్కులో కొత్త గొట్టముందా?" అన్నాడు.

"ఉంది. కానీ లూది..."

"వెయ్యి."

తాయిస్తో వెనక్కి తిరిగి చూశాడు. మార్యంకా వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆమెని చూడకు," అన్నాడు లూది. "వెయ్యమంటున్నది నేను."

పాత గొట్టాన్ని లాగేసి కొత్తది బిగించడానికి గంట పట్టింది. ఆ గంటసేపూ ఆమె గుమ్మం కదల్లేదు, అతను కుర్చీ కదల్లేదు. తాయిస్తో మధ్యలో ఎక్కుతూ దిగుతూ, పట్టీలు బిగిస్తూ, తన బూట్లెక్కడున్నాయా, ఎప్పుడు తొడుక్కుని బయటపడదామా అనే ఆలోచనలోనే ఉన్నాడు. చివరికి గాజు గొట్టం పెట్టి చూస్తే నీళ్ళు ముప్ఫై నాలుగుకి ఎక్కాయి. నాలుగు కావడానికి ఐదు నిమిషాలుంది.

లూది లేచాడు. చుట్టని ఎక్కించాడు. నాలుగు కొట్టగానే మీట తోశాడు.

నెలల తర్వాత ఆ పియానో గొంతెత్తి పాడింది. బరువైన స్వరాలు నేల అదిరేలా దిగాయి. అరలోని కప్పులు చిన్నగా మోగాయి. కొన్ని చోట్ల స్వరం కాస్త తొందరపడింది. అక్కడ వింకో ఉలి జారి ఉంటుంది. అయినా అది పెళ్ళి పాటే, మేళం ముందు మనుషులు చేతులు పట్టుకుని తిరిగే పాట. మూడో వరుస మొదలై, ఎక్కుతూ ఎక్కుతూ, ఆగిపోయింది. కాగితం పాకుతున్న చప్పుడొక్కటే మిగిలింది.

లూది ఈసారి వెనక్కి చుట్టలేదు. మోటారు ఆపేశాడు.

"మార్యంకా," అన్నాడు పియానో వైపే చూస్తూ. "ఇది ఇక్కడ ఎందుకాగిందో తెలుసా నీకు?"

ఆమె పియానో వైపు తిరిగింది.

"ఆ శుక్రవారం మధ్యాహ్నం వాడు గనిలో నా గదికొచ్చాడు. నాన్నా, రేపొక్కరోజు సెలవియ్యి అన్నాడు. ఎందుకురా అంటే చెప్పలేదు, నవ్వాడు. ఇద్దరు మనుషులు తక్కువయ్యారు, కుదరదన్నాను. నా కొడుక్కి నేనే సెలవిస్తే మిగతావాళ్ళకి ఏం మొహం చూపించను అన్నాను. వాడు సరే నాన్నా అని వెళ్ళిపోయాడు. ఈ చుట్ట దొరికాక గానీ తెలియలేదు నాకు, సెలవెందుకడిగాడో. నేను రోజూ పాట వినడానికి పెడుతున్నాననుకున్నావా? ఆగే చోటు వినడానికి పెడుతున్నాను."

మార్యంకా రెండడుగులు ముందుకొచ్చింది.

"నిన్నడిగాను," అంది. "రెండుసార్లు అడిగాను. వాడికి ఆ శనివారం సెలవు రావాలి కదా, పనికెందుకెళ్ళాడని అడిగాను. జాబితాలో పేరుందన్నావు."

"ఉంది. రాసింది నేనే."

"ఏడాదిన్నర," అంది ఆమె. "ఏడాదిన్నర నా పక్కన పడుకున్నావు."

లూది తల ఊపాడు. చుట్టని పియానోలోంచి తీసి, పెట్టెలో పెట్టి, ఆమె వైపు చాపాడు. "ఏం చేస్తావో నువ్వే చెయ్యి."

ఆమె అందుకోలేదు. ఆ పెట్టె వైపు చూడను కూడా చూడలేదు. మెల్లగా మేడ మెట్లెక్కి వెళ్ళిపోయింది. పైన గది తలుపు మూసుకోవడం వినిపించింది.

నేనూ ఒక మాట చెప్పాలి లూది అని తాయిస్తో నాలుక చివరిదాకా వచ్చింది. బూట్లు తొడుక్కున్నాడు, పనిముట్లు సర్దుకున్నాడు, ట్రక్కెక్కాడు. పాత గొట్టాన్ని మాత్రం వాళ్ళ ఇంట్లో వదలకుండా తెచ్చి షాపు వెనక చెత్తలో పారేశాడు.

సోమవారం మార్యంకా ఒక సూట్‌కేసుతో బస్సెక్కి, ముప్ఫై మైళ్ళ అవతల చెల్లెలింటికి వెళ్ళిపోయిందని లొకేషన్‌లో అనుకున్నారు. ఎవరికి తోచిన కారణం వాళ్ళు చెప్పుకున్నారు. తాయిస్తో నోరు విప్పలేదు. లూది మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.

అక్టోబరులో ఒకరోజు మార్యంకా షాపుకి వచ్చింది. చిక్కిపోయింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఒక్కటి తెలుసుకుందామని వచ్చాను. ఆ శుక్రవారం వాడు మీతో మాట్లాడాడా? తండ్రి మీద కోపంగా ఉన్నాడా? నా కొడుకు తండ్రిని తిట్టుకుంటూ పోయాడేమోనని నాకు నిద్ర పట్టట్లేదు."

తాయిస్తో చేతిలోని సుత్తిని కింద పెట్టాడు. ఇక దాచలేకపోయాడు.

"మాట్లాడాడమ్మా. కోపం లేదు. సెలవు ఎవరివ్వలేదో కూడా చెప్పలేదు. నవ్వుతూనే ఉన్నాడు. ఒంట్లో బాగాలేదని చెప్పి మానెయ్యనా అని నన్నడిగాడు. నేనే వద్దన్నాను. వెళ్ళి పని చేసుకోమన్నాను."

ఆమె అతని మొహంలోకి చూసింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"ఆ రోజు మా ఇంట్లో ఎందుకు చెప్పలేదు?"

"నోరు రాలేదమ్మా."

"నాకొచ్చింది. ఆయనకొచ్చింది. మీకు మాత్రం రాలేదు." తలగుడ్డ బిగించుకుంది. "వెళ్ళి ఆయనకి చెప్పండి. ఒక్కడే కూర్చుని ఉన్నాడు, మొత్తం నెత్తిన వేసుకుని."

ఆదివారం తాయిస్తో వెళ్ళాడు. లూది ఇంటి పక్కన కట్టెలు పేర్చుకుంటున్నాడు. గడ్డం పెరిగింది. తాయిస్తో నిలబడే అంతా చెప్పాడు, ఒక్కమాట తగ్గించకుండా. లూది వింటూనే ఇంకో రెండు కట్టెలు పేర్చాడు.

"అయితే?" అన్నాడు.

"నీకు తెలియాలని."

"నా మూటలో సగం ఎత్తుకుందామని వచ్చావా?"

"లూది, నేను మానెయ్యమంటే మానేసేవాడు."

"నేను సెలవిస్తే నిన్నడగాల్సిన పనే ఉండేది కాదు." లూది మొదటిసారి తలెత్తి చూశాడు. కళ్ళల్లో కోపం లేదు, ఏమీ లేదు. "ఇందులో నీకు వాటా లేదు, తాయిస్తో. వాడు నా కొడుకు. ఇది నాది. ఎవరికీ పంచను. పో ఇంటికి."

లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. కొన్ని కట్టెలు పేర్చకుండానే మిగిలిపోయాయి. తాయిస్తో వాటిని పేర్చి వెళ్ళాడు.

జనవరిలో లూదికి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ఆసుపత్రినుంచి ఇంటికి తెచ్చిన రోజే మార్యంకా అదే సూట్‌కేసుతో దిగింది. పక్కింటావిడ, "పోనీలే, కలిసిపోయారా?" అని అడిగితే, "మనిషిని ఎత్తి పక్క మార్చాలి. దానికి ఎవరో ఒకరు కావాలిగా," అందట.

దానికి ఒకరు చాలరని వారానికే తేలింది. లూది పెద్ద శరీరం. మార్యంకా ఫోన్ చేసి, "రోజూ పొద్దున్న ఒకసారి రాగలరా?" అని మాత్రం అడిగింది. ట్రక్కు గురించీ మంచు గురించీ తాయిస్తో ఏమీ అనలేదు. పద్నాలుగు నెలలు రోజూ వెళ్ళాడు. చంకల కింద చేతులు వేసి అతను లూదిని ఎత్తి పట్టుకుంటే, ఆమె తడిసిన దుప్పటి లాగి పొడిది పరిచేది. ముగ్గురి మొహాలూ జానెడు దూరంలో ఉండేవి. లూది తాయిస్తో వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఎత్తినంతసేపూ గోడవైపు తిప్పిన చూపు తిప్పినట్టే ఉండేది. మరుసటేడు మార్చిలో చనిపోయే పొద్దున్న కూడా అంతే. తాయిస్తో ఎత్తాడు, మార్యంకా పరిచింది, లూది గోడని చూశాడు. పడుకోబెట్టాక ఆమె భర్త కాలర్ సరిచేసి, చలి రాకుండా మెడదాకా కప్పింది.